బెల్లు కూడా తీసెయ్

సైకిలు షాపు ముందు స్టూలు మీద కూలబడి బావ చెమట తుడుచుకుంటున్నాడు. షాపు నడిపే బావమరిది, బావ కొన్న కొత్త సైకిలును ఒంటిచేత్తో లేపి చూశాడు.

"ఇంకేం తీయమంటావు బావా? స్టాండు, కారియరు, మడ్‌గార్డులు అన్నీ తీసేశాను."

"బెల్లుందిగా."

"బెల్లు తీస్తే వంతెన ఎక్కేస్తావా?"

"మీ అక్క ఎక్కేస్తోందిగా, నా పాత ఇనప సైకిలు మీద. రోజూ పైకెళ్ళి నా కోసం నిలబడుతుంది."

"అది పద్దెనిమిది కిలోలు, ఇది పది."

"మరి ఎనిమిది కిలోలు తగ్గినా నా ఆయాసం తగ్గదేం?"

"చేత్తో లేపితే తేలికే. తొక్కేటప్పుడు పైన నువ్వుంటావు కదా. నీ తొంభై కలిపితే వంద. అందులో బెల్లెంత?"

"నన్ను విప్పే పానా నీ దగ్గర లేదుగా."

"అది అక్క దగ్గరుంది. అన్నం గరిటె."

బావకు నవ్వాగలేదు. అయినా అనుమానం పోలేదు.

"నిజం చెప్పు. ఆ పాతదానికి నువ్వేదో చేశావు."

"చేశాను. నీతో చెప్పొద్దంది అక్క."

"చెప్పరా."

"రోజూ నిన్ను వెనక వదిలేసి పోవడానికి మనసొప్పట్లేదట. పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళాలనుందట. బండి కాస్త బరువు చెయ్యమంది. నిన్న సాయంత్రం బుట్టలో రెండు ఇటుకలు పెట్టి, పైన గుడ్డ కప్పి పంపాను."

బావ చేతిలో తువ్వాలు ఆగిపోయింది.

"అంటే, ఇవాళ పొద్దున నన్ను దాటిపోయింది ఇటుకలతోనా?"

బావమరిది పానా పట్టుకుని బెల్లు దగ్గరికి వంగాడు.

"ఇంతకీ బెల్లు తీసెయ్యనా బావా?"

"ఉండనీ. వెనకనుంచి ఆగమని కొట్టడానికైనా పనికొస్తుంది."