సెంచాతో కాలు కొట్టి సూసుకున్నాను

"తాతయ్యా, నీ నడుంలో స్క్రూలు, కాల్లో రాడ్డు ఉన్నాయంట కదా? మళ్ళీ ఎలా నడిసినావు?"

ఉన్నాయే తల్లీ, ఇప్పటికీ ఉన్నాయి. సలికాలం వస్తే తెలుస్తాది. ఇలా కూకో, సెప్తాను.

నిమ్‌పురా రైల్వే యార్డులో నా పని ఏటంటే, గూడ్సు బండి ఆగగానే సక్రాలన్నీ సుత్తితో కొట్టుకుంటూ పోవడం. ఖంగుమంటే మంచి సక్రం. మొద్దుగా పలికిందో, పగులున్నట్టే, ఆ వేగను పెట్టెని పక్కనెట్టేయాల. మా నాన్నదీ అదే పని, సీపురుపల్లి నుంచొచ్చి... కాదు కాదు, సీపురుపల్లి మా అమ్మోళ్ళది, నాన్నది బొబ్బిలి. సరే, అది అలాగుంచు. ఓనాడు వాన కురిసి ఎలిసింది. వేగను మూత సూద్దామని పైకెక్కినాను, కాలు జారింది, కంకర మీద ఎల్లకిలా పడిపోనాను. ఎన్నుపూసలు రెండు ఇరిగినాయి, కుడికాలెముక రెండు ముక్కలు.

ఆస్పత్రిలో రెండు ఆపరేషన్లు. ముందు ఎన్నుకి స్క్రూలేసి కడ్డీలు బిగించినారు. తర్వాత కాలెముక లోపల్నుంచి రాడ్డు దించినారు. డాక్టరు బెంగాలీ ఆయన. "దాదా, బెల్టు కట్టుకుని, వాకర్ పట్టుకుని రోజూ నిలబడాల. పడుకునే ఉంటే కండ కరిగిపోద్ది, మరి నడవలేవు" అని సెప్పి ఇంటికి పంపినాడు.

ఇంటికొచ్చి ఏటి సేసినానో తెలుసా? నవ్వకు మరి. మీ అమ్మమ్మ వంటింట్లో ఉండగా, సెంచా తీసి కాలెముక మీద సిన్నగా కొట్టి సూసినాను. మొద్దుగా పలికింది. ఇంకేటుంది, ఎముక అతకలేదనుకున్నాను. ముప్పై ఏళ్ళ సెవి గదా, దాన్ని నమ్మినాను, డాక్టర్ని నమ్మలేదు. ఎవరికీ సెప్పలేదు. నడిపించడానికి ఫిజియో దీదీ వస్తే, నొప్పని పంపేసేవాణ్ణి. రోజూ కొట్టడం, రోజూ మొద్దుగానే. తొడ సూస్తే ముంజేయంత అయిపోనాది. ఇంక మంచం మీదే బతుకని లోపల్లోపల ఏడ్సుకునేవాణ్ణి.

ఓ పొద్దున్న మీ అమ్మమ్మ సూసేసింది. "ఏటిది?" అంది. సెప్పక తప్పలేదు. ఆవిడ సెంచా లాక్కుని, సీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, తన కాలెముక మీద టకటకా కొట్టింది. అదీ మొద్దుగానే పలికింది.

"అయితే నాదీ ఇరిగిపోనాదేటి మావా?" అంది.

సిగ్గేసింది తల్లీ. ఇప్పుడాలోసిస్తే, సెంచా ఒక వంక. నాకు భయం. నిలబడితే పడతానని, పడితే మరి లేవనని. మొగోణ్ణి, అది నోటితో సెప్పుకోలేకపోనాను.

మీ అమ్మమ్మ అప్పుడే నా నడుంకి బెల్టు బిగించింది. వాకర్ నా ముందరెట్టి, తను దానికవతల నిలబడి, నా మొకంలోకే సూస్తూ ఎనక్కి ఒక్కో అడుగూ ఏసింది. మోకాళ్ళ నొప్పుల మనిసి. నాను ముందుకి, ఆవిడ ఎనక్కి. గడప దాకా ఎల్లేసరికి ఇద్దరికీ సెమట్లు. మూడు నెల్లు అలాగే నడిసింది, నాను కర్రతో ఒక్కణ్ణే మా పేటలోని ట్రాఫిక్ బజారుకెల్లొచ్చే దాకా.

సల్లగుండు తల్లీ. నువ్వెప్పుడూ పడకూడదు. పడినా, నీ ముందర అలా ఎనక్కి నడిసే మనిసి ఒకరుండాల.