రాబిసన్‌కి ఎలా తెలిసింది?

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో శనివారం మధ్యాహ్నం. భర్త ఫోన్‌లో వీడియో చూస్తూ కిచెన్‌లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. స్నేహితులు తలా ఒక వంటకం తెచ్చే సాయంత్రం పాట్‌లక్ విందు కోసం భార్య పెద్ద ట్రేలోకి పులిహోర సర్దుతోంది.

“రాబిసన్ అని, రెండొందల ఏళ్ల కిందట స్కాట్లండ్‌లో పెద్ద ఫిజిక్స్ ప్రొఫెసర్. ఫ్రెంచి విప్లవం రహస్య సంఘాల కుట్రేనని రాశాడు. అంత సైంటిస్టు ఊరికే అంటాడా?”

“ఆ వీడియో మీరు పొద్దున్నే పాట్‌లక్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టారుగా.”

“ఒక్కరూ పలకలేదు. నెల నుంచీ అక్కడ నేనొక్కణ్ణే మాట్లాడుతున్నా. పోయిన వారం మన ఫ్రెండ్ కౌస్తుభ్ ఇంటి ముందు చూస్తే అందరి కార్లూ ఉన్నాయి! నన్నొదిలేసి ఇంకో గ్రూప్ పెట్టుకున్నారు, రాసిస్తా.”

“పెట్టుకున్నారు.”

“నీకెలా తెలుసు?”

“రాబిసన్‌కి ఎలా తెలిసింది? ఆయనా అలాంటి సంఘంలో మెంబరేనటగా.”

“అంటే... నువ్వూ ఉన్నావా?”

“మీ వీడియోలు తట్టుకోలేకపోయారండీ, పాపం.”

“పదేళ్ల స్నేహితులే, నన్ను తీసేశారా!”

“తీసెయ్యలేదు. పాత గ్రూప్‌లో మీరు భద్రంగానే ఉన్నారు.”

“అసలు మొదలెట్టిందెవరు? అడ్మిన్ ఎవరు?”

“ముందు ఈ ట్రే కార్లో పెట్టండి, ఆరింటికల్లా పాట్‌లక్‌లో ఉండాలి. రాబిసన్ ఊసెత్తనని మాటిస్తే, ఇప్పుడే మిమ్మల్ని యాడ్ చేస్తాను.”