సగం తిరిగిన బోల్టు

బుసాన్‌లో నది మీద కడుతున్న రైలు వంతెనపై, రెండు పట్టాలు కలిసే చోట ఇద్దరు పనివాళ్లు వంగి ఉన్నారు.

"ఈ బోల్టే తమ్ముడూ. ఎన్నిసార్లు బిగించినా తెల్లారేసరికి వదులైపోతోంది."

"మా గ్యుహో అన్న నదిలో పడి చనిపోయింది ఇది బిగిస్తూనేగా?"

"ఔను. సగం తిప్పాడు, కాలు జారింది. నువ్వసలు ఈ పనికి రాకుండా ఉండాల్సింది."

"పానా ఇటివ్వన్నా. మా అన్న సగంలో వదిలింది నేను పూర్తి చేస్తా."

"మొండిఘటానివి! సరే, నీ నడుం తాడు నేను పట్టుకుంటా."

"తిరుగుతోంది... నువ్వెందుకు చెయ్యేశావు? నేనొక్కణ్ణే తిప్పగలను."

"నేనెక్కడ వేశాను? నా రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి."

"ఇంకొక్క చుట్టే ఉంది."

"ఏరా, బిగిసిందా?"

"బిగిసిందన్నా. నా చేతి మీద చెయ్యి మాత్రం ఇంకా తియ్యలేదు."