వేలి కొలత

సంగీత పాఠశాల, మేడమీది గది. క్లాసులు అయిపోయాయి. అక్క అక్కడ గిటార్ నేర్పుతుంది, కచేరీలు చేస్తుంది. చెల్లెలు పాతకాలపు తీగ వాయిద్యాల సంగీతాన్ని గిటార్‌కి తిరగరాసి పుస్తకాలు వేస్తుంది.

"అచ్చుతప్పు అని మాత్రం అనకు."

"అచ్చుతప్పే అయ్యుంటుందక్కా."

"అనొద్దన్నానా! పొద్దున క్లాసులో అందరి ముందూ ఆ బక్కపిల్లని కడిగేశాను. నువ్వు తిరగరాసిన ఈ పాటలో, ఇదిగో ఇక్కడ, కింది తీగ మీద ఒక మంద్ర స్వరం కొట్టింది. గుమ్మని మోగింది. 'పుస్తకంలో లేనిది ఎక్కణ్ణించి తెచ్చావే' అన్నాను. 'లైబ్రరీలో పాత ప్రతి ఉంది టీచర్, అందులో ఉంది' అంది."

"నువ్వేమన్నావ్?"

"శ్రుతి చేసుకోవడం రాదు గానీ మా చెల్లెలికి పాఠాలు చెప్తావా అన్నాను. అందరూ పకపకా నవ్వారు. అది తల దించుకుని వెళ్లిపోయింది."

"అయ్యో."

"అయ్యో ఏంటి అయ్యో! ఇప్పుడే లైబ్రరీకి వెళ్లొచ్చాను. ఉందే! శుభ్రంగా, కళ్లు లేనివాడికి కూడా కనపడేంతగా ఉంది. ఎందుకు తీసేశావ్?"

"అది లూట్ కోసం రాసిందక్కా. లూట్ అంటే గిటార్‌కి తాత. దానికి కింద బోలెడు తీగలు. మనకి ఆరే. తాత చొక్కా మనవడికి తొడగాలంటే కొంచెం కత్తిరించాలి."

"పోలికలు చెప్పకు. ఆ పిల్ల వాయించింది ఆరు తీగల గిటార్ మీదే."

"దాని వేళ్లు పొడుగు."

"నావి పొట్టివా? నా వేళ్లు చూసి సాలీడు అనేవాడు నాన్న."

"టీ పెట్టనా?"

"మాట మార్చకు."

"అక్కడ చిటికెన వేలు పైన పాటని పట్టుకునుండాలక్కా. అది కదలకుండా ఉంగరం వేలు కిందికి సాగాలి. కష్టం."

"కష్టమైతే?"

"అందరికీ కుదరదు."

"ఎవరికి కుదరదు?"

"అదే... కొత్తగా నేర్చుకునేవాళ్లకి."

"నేను కచేరీలో వాయించడానికని రాసిచ్చావ్ కదే ఇది! ఎవరికి కుదరదు? నా మొహం చూసి చెప్పు."

"ఎడం చెయ్యి చాపు."

"ఎందుకు?"

"చాపక్కా."

"ఇదుగో, చాపాను. ఏంటి?"

"ఉంగరం వేలు పక్కకి జరుపు. అదొక్కటే. రెండో చేత్తో లాగకు."

"చలికి పట్టేసింది."

"నాకు చెమట్లు పోస్తున్నాయక్కా. చలెక్కడిది?"

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"ఆ పెద్ద హాల్లో కచేరీ మధ్యలో ఆపేసి తీగ వదులైందన్నావే, ఆ రోజు నించి."

"వదులైంది! నిజంగానే వదులైంది."

"తర్వాత లోపల ఆ గిటార్ సర్దింది నేను. తీగ బిగుతుగానే ఉంది."

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"ఎలా అడగను? నా వేళ్లు పట్టుకుని తీగల మీద పెట్టింది నువ్వు. నీ వేలు రావట్లేదక్కా అని నీకు నేను చెప్పనా? ఇంటికొచ్చి, అప్పుడు రాస్తున్న ఈ పాటలో ఆ స్వరం తీసేసి ఇచ్చాను. నువ్వు హాయిగా వాయించావ్. ఆ తర్వాతదీ అలాగే..."

"తర్వాతదీనా? ఎన్నిట్లో చేశావే? పుస్తకం మొత్తమా?"

"అడక్కు."

"మంద్రం తీసేస్తే పాట బోసిపోవాలిగా. నాకెప్పుడూ అలా వినపడలేదే?"

"ఖాళీ తెలియకుండా పైన నేనే కొంచెం కట్టాను. స్వరాలు కిందికి దిగేచోట ఆ మెలిక..."

"ఆ మెలిక నీదా? ఓరి నా రాత! అది ఆ పాత మహానుభావుడి గొప్పతనమని, ఇప్పటివాళ్లకి చేతకాదని క్లాసంతా అదే చెప్పానే!"

"గుమ్మం బయట నిలబడి విన్నాను."

"నవ్వుకున్నావా?"

"తలెత్తుకోలేకపోయాను."

"మా చెల్లెలు రాస్తే వేళ్లు వాటంతటవే వెళ్లి కూర్చుంటాయని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకు తిరిగాను. కూర్చోవూ మరి! కుంటిదానికి కర్ర చేతికిచ్చి, అది కర్ర అని చెప్పకపోతే ఎలాగే? పరిగెడుతున్నాననుకున్నాను."

"నువ్వలా అనుకోవాలనేగా చేసింది."

"ఈ పుస్తకం ఇంకెక్కడెక్కడ వాడుతున్నారు?"

"చాలా చోట్ల. అట్ట మీద నీ పేరు చూసి కొంటున్నారు. నువ్వు వాయించి సరిచూశావని వేశాంగా."

"అంటే ఆ పిల్లలందరూ..."

"నీ వేలి కొలతకే వాయిస్తున్నారు."

"ఆ మంచినీళ్లు ఇటివ్వు."

"ఏడవకక్కా."

"ఏడవట్లేదు. వేలు పోతే పోయిందే, రోగాలెవరికి రావు? ఉన్న మాట చెప్పిన పిల్లని పదిమందిలో నవ్వులపాలు చేశాను. దాని ముందు మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పిలిచి చెప్పు. నువ్వన్నదే రైటమ్మా, తప్పు పుస్తకంలో ఉంది అని."

"తప్పు ఎవరిదంటే?"

"నాదని చెప్పు."

"'ఆవిడెందుకలా చేశారు' అంటుంది. తిరిగి తిరిగి నా వేలి దగ్గరికే వస్తుంది. పోనీ... అచ్చువాళ్ల మీదికి తోసేద్దామా?"

"అక్కా!"

"ఈ ఒక్కసారికే. అచ్చులో పోయిందందాం. మళ్లీ వేసేటప్పుడు అన్నీ పెట్టేద్దువుగాని. మూడో కంటికి తెలియదు."

"అనొద్దన్నది నువ్వే కదా ఇందాక."

"ఇందాక నాకు తెలియదుగా! ఉష్, ఎవరో తలుపు కొడుతున్నారు. ఎవరది?"

"నేనే టీచర్. లోపలికి రానా?"

"నువ్వా అమ్మా! రా, రా. ఇంకా ఇంటికి వెళ్లలేదా?"

"వెళ్లబుద్ధి కాలేదు టీచర్. పొద్దున అందరి ముందూ అలా వాయించకుండా ఉండాల్సింది. సారీ."

"నువ్వు సారీ చెప్పడమేంటి! చూడమ్మా, మేమిద్దరం ఇప్పుడే అదే చూస్తున్నాం. నువ్వన్నది ఉంది పాతదాంట్లో. పుస్తకంలో ఎందుకు పోయిందంటే... అచ్చు..."

"వద్దక్కా."

"నువ్వుండవే. అచ్చు వేసేటప్పుడు ఏమైందంటే..."

"పర్లేదు టీచర్, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"చేరిన రోజే సీనియర్లు చెప్పారు టీచర్, పాత ప్రతిలోని ఆ స్వరాలన్నీ ఇంటి దగ్గరే వాయించుకోవాలని, మీ వేలి సంగతి మీ ముందు ఎత్తకూడదని. పొద్దున వాళ్లు నవ్వింది కూడా మీకు అనుమానం రాకూడదనే. మీ క్లాసులో మేమందరం ఆ మంద్రం వదిలేస్తాం. ఇవాళ నేనే మర్చిపోయాను."