ప్రేమయ్య గారి కడ్డీకి అందని చప్పుడు

1988వ సంవత్సరం ఆగస్టు నెల పదహారవ తేదీన శ్రీ ప్రేమయ్య గారు ఎర్రగుంట్ల దగ్గరి మన సిమెంటు ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరారు. మొదటి పని రాళ్ళు పగలగొట్టే క్రషర్ దగ్గర. వారి తండ్రిగారు కమలాపురం వైపు నాపరాయి గనుల్లో పనిచేసిన మనిషి. సుత్తితో ఒక దెబ్బ కొట్టి, ఆ చప్పుడును బట్టి రాయి ఎక్కడ చీలుతుందో చెప్పేవారని ఆ వైపు పల్లెల్లో ఇప్పటికీ అనుకుంటారు. ఆస్తిగా కొడుక్కు ఇచ్చింది ఏమీ లేకపోయినా, ఆ వినే గుణం మాత్రం ఇచ్చి పోయారు.

క్రషర్ నుంచి, సిమెంటును పొడి చేసే మిల్లు హౌసుకు మారిన రోజుల్లో ప్రేమయ్య గారికి గురువుగా దొరికినవారు గోపన్న మేస్త్రీ. మిల్లు హౌసులో మనిషి మాట మనిషికి వినబడదు. సైగలతోనే పని జరుగుతుంది. అంత గోలలోనూ గోపన్న ఒక ఇనుప కడ్డీ కొసను బేరింగు మీద ఆనించి, రెండో కొసను చెవి వెనక ఎముకకు తగిలించి, కళ్ళు మూసుకుని, లోపల నూరే ఇనుప గుండ్లు ఎట్లా తిరుగుతున్నాయో వినేవారు. ఆ విద్య ప్రేమయ్య గారికి వెంటనే పట్టుబడలేదు. కొత్తలో ఒకసారి బేరింగు పోతోందని ఆయన గట్టిగా చెబితే మిల్లు ఆపి విప్పి చూశారు. అది నిక్షేపంగా ఉంది. తల దించుకుని నిలబడిన శిష్యుని భుజం మీద చెయ్యి వేసి గోపన్న అన్న మాట మా అందరికీ తెలుసు:

"తప్పు వింటే ఏమైతాదప్పా, మళ్ళీ వింటావు. వినకుండా పోయినోడే మిల్లును చంపేది."

ఆ తర్వాత వారు ఫిట్టరై, సీనియర్ ఫిట్టరై, చివరకు ఫిట్టర్లకు పెద్దగా చార్జిహ్యాండ్ అయ్యారు. పదవి పెరిగినా చేతిలో గోపన్న ఇచ్చిన కడ్డీ మారలేదు, మాటలో మెత్తదనం తగ్గలేదు. పండగ రోజు డ్యూటీ పడితే తాను నిలబడి పిల్లలున్నవాళ్ళను ఇంటికి పంపేవారు. ఏ హెల్పరైనా దిగులుగా కనబడితే, క్యాంటీనులో పక్కన కూర్చోబెట్టుకుని, యంత్రాన్ని విన్నంత ఓపికగా వాళ్ళ కష్టమూ వినేవారు.

ఇంతటి వినికిడి గల మనిషిని ఒక చిన్న పెట్టె ఎట్లా ఏడిపించిందో కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలి. ఆ ముచ్చట రాయడానికి వారే నవ్వుతూ ఒప్పుకున్నారు.

ప్రేమయ్య గారి సతీమణి శ్రీమతి రెజీనా గారు వాళ్ళ ఊరి చర్చిలో పాటలకు పెద్ద దిక్కు. వాన కోసం, పంట కోసం, పిల్లల చదువుల కోసం సొంతంగా పాటలు కట్టి పాడేవారు. కూతురు ప్రసన్నకుమారి వాటిని ఫోనులో పట్టి, ఇంట్లో తన చదువు కోసం కొన్న కంప్యూటర్‌లో దాచింది. ఆ ఫోను తర్వాత ఎక్కడో పోయింది. రెండేళ్ళ కిందట కర్నూలులో రెజీనా గారికి గొంతు ఆపరేషన్ జరిగింది. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు బొంగురుపోయింది. ఆమె మాట్లాడేవారు, పాడేవారు కాదు. ఆ పాత పాటలు పెట్టబోతే, "తియ్యప్పా, అది ఎవురి గొంతో" అని లేచి వెళ్ళిపోయేవారు. కాబట్టి ఆ గొంతు లోకంలో మిగిలి ఉన్నది ఆ పాత కంప్యూటర్‌లో ఒక్కచోటే.

పోయిన చలికాలంలో ఆ కంప్యూటర్ మొండికేసింది. మీట నొక్కి సంగటి కెలికి వచ్చినా తెర వెలిగేది కాదు. లోపల టక్కు టక్కుమని చప్పుడు. ప్రేమయ్య గారు స్క్రూడ్రైవరు కొస దాని మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి విన్నారు. లోపల తిరిగే హార్డ్ డిస్కు అరిగిపోయిందని వారికి అర్థమైంది. భార్యకు చెప్పలేదు. ప్రొద్దుటూరుకు పోయి, హార్డ్ డిస్కుకు బదులుగా ఇప్పుడందరూ వేయించుకుంటున్న ఎస్ఎస్‌డీ ఒకటి కొనుక్కొచ్చారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, బరువే లేదు. పాతది విప్పి, దుమ్ము ఊది, కొత్తది బిగించి, మీట నొక్కారు. తెర మీద ఏదో తెల్లటి ఇంగ్లీషు వరుస తప్ప ఏమీ రాలేదు. స్క్రూడ్రైవరు పెట్టి విన్నారు. చప్పుడు లేదు. అదురు కూడా లేదు.

'చచ్చిన సరుకు అంటగట్టినాడు' అనుకుని మళ్ళీ బస్సెక్కారు. అంగడి యజమాని రంగనాథ్, కొనేవాళ్ళ గుంపు మధ్య ఉండి, మారు మాట్లాడకుండా ఇంకొకటి చేతిలో పెట్టారు. అదీ మూగదే. ఇక లాభం లేదని ప్రేమయ్య గారు పాత డిస్కునే తిరిగి తగిలించారు. ఈసారి అది టక్కుమని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది.

ఊరికే ఉన్నదాన్ని విప్పి, కదిలించి, రెజీనా గొంతును తన చేతులతోనే పోగొట్టానేమో అన్న భయం వారిని పట్టుకుంది. మరునాడు క్యాంటీనులో టీ గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నారు. ఇన్‌స్ట్రుమెంట్ విభాగంలో పనిచేసే మన శివశంకర్ పక్కన చేరి సంగతి అడిగారు. అంతా విని పొట్ట పట్టుకుని నవ్వారు.

"ప్రేమన్నా! అది తిరిగేది కాదన్నా. దాంట్లో చక్రం లేదు, బేరింగు లేదు. అది బతికుండేదే చప్పుడు లేకుండా!"

"తిరక్కుండా ఏది పనిచేస్తాదప్పా? నువ్వు నన్ను ఎగతాళి చేస్తాండావు."

"నిజమన్నా. కొత్తది ఉట్టి గోడౌను మాదిరి. సరుకు దించకుండానే మాట్లాడమంటే యాడ మాట్లాడతాది? అయినా రెండుసార్లు బస్సు చార్జీ పెట్టుకునే బదులు నాకొక ఫోను కొట్టకూడదా?"

"పాత దాంట్లో రెజీనా పాటలు ఉండాయప్పా" అన్నారు ప్రేమయ్య గారు. శివశంకర్ నవ్వు ఆగిపోయింది. "దాన్ని ముట్టుకోవద్దన్నా. మీట గూడా వెయ్యొద్దు. ఆదివారం నేనొస్తా" అన్నారు.

ఆదివారం రెజీనా గారు చర్చికి పోయిన వేళ శివశంకర్ వచ్చారు. ఒక పెన్ డ్రైవ్‌లో విండోస్ తెచ్చి, కొత్త ఎస్ఎస్‌డీలో దాన్ని ఎక్కించారు. టీ చల్లారేలోపు కంప్యూటర్ కళ్ళు తెరిచింది. ప్రేమయ్య గారు నమ్మలేక స్క్రూడ్రైవరు తీసి మరొకసారి ఆనించి చూశారు. అదే మౌనం.

తర్వాత పాత డిస్కును ఒక వైరుతో బయటి నుంచి తగిలించారు. అది టక్కుమంది, ఆగింది, మళ్ళీ టక్కుమంది. ఉన్నట్టుండి లోపల ఏదో తిరగడం మొదలైంది.

"ముందు పాటలన్నా. తక్కిందంతా తర్వాత" అని శివశంకర్ ఒక్కొక్క పాటనే కొత్తదానిలోకి దించసాగారు. పాత డిస్కు చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది. ప్రేమయ్య గారు గబగబా పెరట్లోకి పోయి, తడిపిన గోనెసంచితో తిరిగొచ్చారు. మిల్లులో బేరింగు కాలితే మేము చేసే వైద్యం అదే.

"అన్నా, అన్నా! నీళ్ళొద్దన్నా! ఇది మిల్లు కాదు, కరెంటు! ఆ ఫ్యాను ఇట్ల తిప్పు చాలు!"

గోనెసంచి గడప అవతల పడింది. టేబుల్ ఫ్యాను డిస్కు మీదికి తిరిగింది. ప్రేమయ్య గారు మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవరు చెవికి ఆనించి, "ఉండాది... తిరుగుతాండాది... తడబడతాండాది, నిదానం" అని, జ్వరం వచ్చిన బిడ్డ నాడి చూసినట్టు చెబుతూ పోయారు. చివరి పాట సగం దిగేసరికి పాత డిస్కు పెద్దగా ఒక టక్కుమని ఆగింది. ఇక తిరగలేదు.

"మిగతావన్నీ వచ్చినాయన్నా. ఇదొక్కటే సగం" అని శివశంకర్ దాన్ని పెట్టి చూశారు. అది వానపాట. 'పెన్నమ్మ ఇసుకలో తడి లేదు తండ్రీ, మా కళ్ళలోది చూసి...' అన్నదాకా వచ్చి తెగిపోయింది.

గడపలో రెజీనా గారు నిలబడి ఉన్నారు. చేతిలో బైబిలు, కాళ్ళ దగ్గర తడి గోనెసంచి. ఎప్పుడొచ్చారో ఎవరూ చూడలేదు.

"తక్కింది యాడ?" అని అడిగారు.

"పోయిందిమే" అన్నారు ప్రేమయ్య గారు, తల ఎత్తకుండా. "నేను విప్పినందుకే పోయింది."

రెజీనా గారు గోనెసంచి దాటి లోపలికి వచ్చారు. తర్వాత ఆ బొంగురు గొంతుతోనే, రాగం సగం అంది సగం అందక, 'మా కళ్ళలోది చూసి మొయిలును పంపు తండ్రీ' అని ఆ వరుస పూర్తిచేశారు. ఆపరేషన్ తర్వాత ఆమె పాడిన మొదటి వరుస అది. పాడి, భర్త వైపు చూసి, "స్క్రూడ్రైవరు దించప్పా. నేనేమన్నా బేరింగునా?" అన్నారు. శివశంకర్ ఆ మిగిలిన సగాన్ని ఆమె కొత్త గొంతుతోనే ఫోనులో పట్టి, పాత సగం పక్కన పెట్టారు. ఇప్పుడు ఆ పాట ఆ ఇంట్లో రెండు గొంతులతో వినబడుతుంది.

ఈ నెలాఖరున ప్రేమయ్య గారు పదవీ విరమణ చేస్తున్నారు. గోపన్న ఇచ్చిన కడ్డీని మిల్లు హౌసు ఆచారం ప్రకారం తమ తర్వాతి ఫిట్టరు చిన్న ఈరన్నకు అప్పగించారు. "ఒకటో తేదీ నుంచి చప్పుడు లేని ఇంట్లో ఎట్ల ఉండేదో తెలీడం లేదు" అని వారు మొన్న మాతో అన్నారు. అక్కడే ఉన్న రెజీనా గారు అందుకున్నారు: "చప్పుడు లేకుంటే చచ్చిందని రెండుసార్లు ప్రొద్దుటూరు పోయొచ్చినావు గదప్పా. ఇంకా తెల్సుకోలేదా?"

ఆ ఇంటి మాటకు మేము కలపగలిగింది ఏమీ లేదు. ప్రేమయ్య గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చల్లని నీడలో, వినే చెవీ నవ్వే మనసూ చెక్కుచెదరకుండా దీర్ఘకాలం వర్ధిల్లాలని, ప్రతి ఉదయమూ రెజీనా గారి పాటతోనే వారికి తెల్లవారాలని మిల్లు హౌసు మొత్తం చేతులెత్తి కోరుకుంటోంది. మిల్లు ఆగిన రోజు మాకు కొంచెం నిశ్శబ్దం దొరికితే, ఆ నిశ్శబ్దంలో మేము మీ గురించే మాట్లాడుకుంటాం, ప్రేమయ్య గారూ.

— సుబ్బయ్య, మిల్లు విభాగం
(తాత చెప్పగా రాసినది: శిల్ప)