మీటర్ మీద తువ్వాలు

పక్క వీధిలో చిన్న ఎఫ్‌ఎం స్టేషన్ నడిపే ఆవిడ, ఈ వీధిలో మరో ఎఫ్‌ఎం స్టేషన్ నడిపే పెద్దాయన గదిలోకి బెరుగ్గా వచ్చింది.

"మీ మాటల్లో మా పాటలు కలగాపులగం అవుతున్నాయట కదా, అన్నయ్యగారూ. తప్పు మాదేననుకుని మా ట్రాన్స్‌మిటర్ పవర్ సగానికి తగ్గించేశాను."

"అయ్యో, ఎందుకమ్మా?"

"అయినా గోల తగ్గలేదు. ఇప్పుడు మంచాన పడ్డ మా అత్తయ్యకి, మా స్టేషన్ గోడ అవతలే ఉన్నా, రేడియోలో నా గొంతు వినబడట్లేదు. రేడియో నిండా మీరేనట. ఇంకాస్త తగ్గించమంటారా?"

"వద్దమ్మా, వద్దు."

"మొహమాటపడకండి. పవర్ మీటర్ ముల్లు, అనుమతించిన హద్దు చూపే ఎర్రగీత దాటకూడదని నాకు నేర్పిందే మీరు. అవునూ, మీ మీటర్ మీద ఆ తువ్వాలేంటి?"

"దుమ్ము పడుతుందని."

"మరీ చోద్యం! ఉండండి, దులిపేస్తాను."

"ఆ తువ్వాలు తియ్యకమ్మా. తీస్తే ఇంకెప్పుడూ నన్ను నోరారా అన్నయ్యా అని పిలవలేవు."