నలభై తొమ్మిది కేజీల విభాగం

నా పేరు సుర్ల సింగన్న. తండ్రి పేరు కొండన్న. వయసు 58. నర్సీపట్నం శివారులో బెల్లం గానుగ నడుపుతాను. ఎవరూ పిలవకుండానే మేజిస్ట్రేటు గారి ముందుకు వచ్చి ఈ మాటలు చెబుతున్నాను.

చనిపోయిన సత్యశ్రీ పదో తరగతి చదివేది. వాళ్లమ్మ మణి మా గానుగలో తొమ్మిదేళ్లుగా చెరకు పిప్పి ఎండబెడుతోంది. ఆ పిల్ల కుస్తీ నేను మొదటిసారి నిరుడు స్కూలు పోటీల్లో చూశాను. చిన్నప్పుడు సాముగరిడీలో నేనూ కుస్తీ పట్టినవాణ్ణే, పట్టు ఏదో పొగరు ఏదో నాకు తెలుసు. ఆ పిల్ల వంగి కాలు పట్టిందంటే ఎదుటి పిల్లకు నేల దొరకదు. గెలిచాక చెయ్యిచ్చి లేపేది. మా ఇంట్లో అంత విద్య ఎవరికీ అబ్బలేదు. ఆ రోజు నుంచి రోజూ రెండు గుడ్లు పంపేవాణ్ణి.

2025 ఫిబ్రవరి 9 ఆదివారం ఉదయం ఏడు గంటలకు యలమంచిలిలో రాష్ట్ర జట్టు ఎంపికకు తూకం. 49 కేజీలు దాటకూడదు. ముందురోజు శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు సత్యశ్రీ గానుగకు వచ్చింది. నిన్నటి నుంచి నీళ్లు ముట్టలేదని చెప్పింది. నా బెల్లం కాటా ఎక్కితే 50 కేజీల 400 చూపింది. చెమట పట్టించి బరువు దించుకోవడం కుస్తీ పిల్లలకు మామూలే. రెయిన్‌కోటు తొడుక్కుని పాకం పొయ్యి పక్కన గుంజీలు తీసింది. పొయ్యి దగ్గర తీయమన్నది నేనే.

రెండుంబావుకు కాటా 49 కేజీల 800 చూపింది.

“ఇంక సాల్దా బాబూ? పిల్ల పెదాలు ఎండిపోనాయి,” అంది మణి.

“ఇంకో ఎనిమిది వందలే కదా తాతా, బేగి దిగిపోద్ది,” అంది సత్యశ్రీ. నవ్వింది కూడా.

నా కాటా కేజీ ఎక్కువ చూపుతుంది. మూడేళ్ల కిందట బెల్లం అమ్మకంలో మిగులు కోసం నేనే అలా పెట్టించాను. ఆ పిల్ల అప్పటికే 49 లోపలికి దిగిపోయింది. ఈ సంగతి నాకు ఆ నిమిషంలోనే గుర్తొచ్చింది. తర్వాత కాదు. అప్పుడే.

బెల్లం కొనే షావుకారు నాగేంద్ర గారు కాటా పక్కనే నిలబడి దిమ్మలు లెక్కపెట్టుకుంటున్నారు. ఆయన ముందు నోరు విప్పలేదు. పిల్లను పక్కకు పిలిచి చెప్పొచ్చు. పిలవలేదు. మణికి చెబితే ఊరంతా తెలుస్తుందని భయపడ్డాను. ఇంకొంచెం దిగితే రేపు దిలాసాగా ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

“ఇంకొంచెం తియ్యమ్మా,” అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

మూడుంబావుకు కాటా 49 కేజీల 200 చూపింది. దిగి రెండడుగులు వేసి కూలిపోయింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. నీళ్లు పోశాం. నోట్లో పోసినవి పక్కకు కారిపోయాయి. నాగేంద్ర గారి వ్యానులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. నాలుగూ నలభైకి ప్రాణం పోయిందని చెప్పారు.

అంత బరువు తగ్గించాల్సిన అవసరమేమొచ్చిందని డాక్టరు గారు కోప్పడ్డారు.

“ఇంకా రెండొందల గ్రాములు ఉండిపోనాదండి. మా బాబు కాటా తప్పు సెప్పదు,” అంది మణి.

నేను పక్కనే ఉన్నాను. అప్పుడూ నోరు విప్పలేదు.

పోస్టుమార్టంలో బరువు 48 కేజీల 200 అని రాశారని విన్నాను. పొయ్యి వేడికి ప్రమాదవశాత్తు చనిపోయిందని పోలీసులకు మొదట చెప్పింది నేనే. అది సగమే. మణి ఇప్పటికీ పనిలోకి వస్తోంది. బరువు దించడం ఇంకొంచెం ముందుగా మొదలుపెట్టించి ఉంటే పిల్ల దక్కేదని తనను తాను తిట్టుకుంటోంది. పిప్పి ఎండేస్తూ అదే మాట అంటోంది.

పైన రాసింది నాకు చదివి వినిపించారు. చెప్పింది చెప్పినట్టే ఉంది, ఒక్క మాట కూడా తీసెయ్యక్కర్లేదు. మణిని పిలిపించి ఆమెకు కూడా చదివి వినిపించమని వేడుకుంటున్నాను. నా నోటితో చెప్పలేను.

సుర్ల సింగన్న, ఎడమ చేతి బొటనవేలి ముద్ర